సవరణ: కొత్త ఫైర్‌మెన్ శిక్షణ, పత్తి మంటలు

వరంగల్ నుంచి ఫైర్‌మన్ ఉద్యోగాలకు ఎంపికైనవారికి తొలి శిక్షణ స్థానిక కేంద్రంలోనే ఉంటుందన్న గత టపాలోని వాక్యాన్ని, హైదరాబాద్ శివారు వట్టినాగులపల్లిలోని శిక్షణ సంస్థలో ఉంటుందని సవరించి చదువుకోగలరు.

అదే టపాలో పత్తికి నిప్పంటుకుంటే పైనుంచి నీళ్లు కొడితే చాలన్న మాటకు మాత్రం వివరణ తప్పనిసరి, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే బస్తాల్లోనైనా, గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో గట్టిగా నొక్కి కట్టిన పత్తి బేళ్లలోనైనా పైమంట ఆరాక కూడా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది కనుక, బేలు కట్లు కోసి, పొరలు విడదీస్తూ లోపలిదాకా తడపాలి; పొగ ఆగిందని హోస్ పైపు చుట్టేయకూడదు. ఏటా ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలకు కారణమైన 1944 నాటి బొంబాయి రేవు పేలుడులోనూ, ‘ఫోర్ట్ స్టికీన్’ ఓడలో మందుగుండుతోపాటు పత్తి బేళ్లు ఉన్నాయి.