బ్లూ మ్యాట్ గారికి ఓ అభిమాని సంజాయిషీ

మహారాజశ్రీ బ్లూ మ్యాట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. నటుల చుట్టూ నీలం గుడ్డగా నిలబడి, తర్వాత కంప్యూటర్ బొమ్మలకి చోటిచ్చే తమరు ఇప్పుడు ఏ స్టూడియోలో ఏ మూల చుట్ట చుట్టుకుని పడుకున్నారో తెలియదు గానీ, తమరి మీద పడ్డ నిందలకు మాత్రం పాతికేళ్లుగా నిద్ర లేదు. స్టార్ వార్స్ ప్రీక్వెల్స్, అంటే పాత సినిమాల కథకి ముందు జరిగింది చెప్పే సినిమాలు, మూడూ 1999, 2002, 2005లలో వచ్చాయి. హీరో కొయ్యబొమ్మలా ఉన్నాడని ఒకరు, అతన్ని కొయ్యబొమ్మని చేసింది దర్శకుడేనని ఇంకొకరు అప్పట్నుంచీ జుట్లు పట్టుకుంటూనే ఉన్నారు. ఇద్దరికీ ఓపిక అయిపోయాక, "అయినా పాపం, ఎదురుగా నీలం గుడ్డ తప్ప ఏమీ లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారులే" అని రాజీ పడతారు. హీరో నిర్దోషి, దర్శకుడు నిర్దోషి, గుడ్డ దోషి. గుడ్డకి ఇంటర్వ్యూలు ఇచ్చే అలవాటు లేదు కదా.

మీ వంశంతో నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం. మా ఊరి ఫోటో స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ వేసిన పరదా ఒకటి ఉండేది. దానికి ఓ పక్క చిరుగు, ఆ చిరుగు సరిగ్గా యమునా నది మీదే. వరసకి అది మీకు పెదనాన్న అవుతుందనుకుంటాను. అందుకే ఈ ఉత్తరం కాస్త చనువుగా రాస్తున్నాను.

మా ఇంట్లో ఈ కేసు 2002 నుంచి పెండింగ్‌లో ఉంది. నేను నటుల తరఫు. మా బావమరిది దర్శకుడి తరఫు. జార్జ్ లూకాస్‌ని ఎవరైనా ఒక్క మాటంటే సొంత మేనమామని అన్నట్టు ఉడుక్కుంటాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ప్రీక్వెల్స్‌లో రెండో భాగం పెట్టాడు. సరస్సు ఒడ్డున మేడ, అక్కడ హీరో అనాకిన్ మనసులో మాట చెప్పబోయి ఇసుక గురించి చెప్పే సీను. ఇసుకంటే నచ్చదట, గరుకుగా ఉంటుందట, ఎక్కడ పడితే అక్కడికి చేరిపోతుందట. సరిగ్గా అక్కడ పాజ్ నొక్కాడు. ఆ వేషం వేసిన హేడెన్ క్రిస్టెన్‌సెన్ నోరు సగం తెరిచి ఆగిపోయాడు.

"ఆ మొహం చూడు బావా. ఇందులో ప్రేమెక్కడుంది? మునిసిపాలిటీకి ఫిర్యాదు చేస్తున్నట్టుంది."

"అదే డైలాగు నీకిచ్చి ఎదురుగా ఓ అమ్మాయిని నిలబెడతాను. ప్రేమగా చెప్పు చూద్దాం."

"డైలాగుదేముంది బావా, చెప్పడం రావాలి."

"చెప్పడం రాకపోతే చెప్పించేవాడు ఎందుకున్నాడ్రా?"

మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ టీవీ వంక చూశారు. కథానాయిక పద్మేని ఆవిడ మొదటి రోజు నుంచీ పద్మ అనే అంటారు. "ఈ పద్మకి ఈ సంబంధం తెచ్చిందెవరు? పిల్లాడికంటే అయిదేళ్లు పెద్దది కూడానూ" అన్నారు. (మొదటి భాగంలో ఆ అమ్మాయికి 14 ఏళ్లు, పిల్లాడికి 9. ఆవిడ లెక్కలో తప్పు లేదు.) ఆ సాక్ష్యం మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ పనికి రాలేదు. ఆఖరికి బావమరిది రిమోట్ పక్కన పెట్టి, "అసలు తప్పంతా ఆ బ్లూ మ్యాట్‌ది బావా" అన్నాడు. నేనూ తలూపాను. అప్పటికే వడ్డించేశారు మరి.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఆ సీను ఇటలీలో, కోమో సరస్సు ఒడ్డున, విల్లా దెల్ బాల్బియానెల్లో అనే పాత మేడలో తీశారు. మేడ నిజం, నీళ్లు నిజం, ఎండ నిజం. ప్రపంచమంతా పగలబడి నవ్విన ఆ ఇసుక మాట పలికింది పెళ్లి ఫోటోలకి జనం ఎగబడే చోట. అంటే నేరం జరిగిన సమయంలో తమరు ఘటనా స్థలంలోనే లేరు. మీ తరఫున ఏ చిన్న వకీలు నిలబడినా మొదటి వాయిదాలోనే కేసు కొట్టేసేవారు.

సరే, మీరు నిండుగా పరుచుకుని ఉన్న చోటికి వద్దాం. మూడో భాగంలో థియేటర్ సీను. విలన్ వేషం వేసిన ఇయాన్ మెక్‌డియర్మిడ్ కుర్చీలో వెనక్కి వాలి, అనాకిన్‌కి ఓ పాత కథ చెప్తాడు. ఎదురుగా నీటి బుడగలో జరిగే ఆ నాట్యమంతా తర్వాత కంప్యూటర్లో చేసిందే. ఆయన చూస్తున్నది శూన్యాన్ని. గొంతు పెంచడు, కనురెప్ప కూడా లెక్కగా వాలుస్తాడు. మా బావమరిది, నేను ఇరవై ఏళ్లుగా పోట్లాడుకోకుండా చూసే సీను అదొక్కటే. అనాకిన్ గురువు వేషం వేసిన ఇవాన్ మెక్‌గ్రెగర్ సంగతి సరేసరి. మొదటి భాగంలో తెర మీద వెలుగు కత్తిగా మారే ఉత్త కడ్డీ పట్టుకుని తిప్పుతూ నోటితోనే వూం వూం అని శబ్దం చేసేవాడట. అది తర్వాత మేం కలుపుతాంలే బాబూ అని చెప్పి ఆపించాల్సి వచ్చిందట. ఎదురుగా గుడ్డ ఉన్నా గోడ ఉన్నా ఆయనకి పట్టింపు లేదు.

ఇక్కడ బావమరిది ఎగిరి గంతేస్తాడు. "అదే దర్శకుడు, అదే రాత, అదే మ్యాట్. వాళ్లు చెయ్యలేదూ? చేతగానివాడికే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి."

నా దగ్గరా కాగితాలున్నాయి. క్రిస్టెన్‌సెన్‌కి 2001లో వచ్చిన ఓ కుటుంబ కథకి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. మరుసటి ఏడాది ఈ సినిమా వచ్చింది, చెత్త నటనకిచ్చే రాజ్జీ అవార్డు చేతిలో పడింది. 2005 సినిమాకీ మళ్లీ అదే. ఏడాది తిరిగేసరికి మనిషి నటన మర్చిపోతాడా? పద్మే వేషం వేసిన నటాలీ పోర్ట్‌మన్‌ని తీసుకోండి. ఈ సినిమాల తర్వాత తనకి నటనే రాదని దర్శకులు అనుకున్నారని ఆవిడే చెప్పింది. పిల్ల మంచిదే, తీసుకోమని దర్శకుడు మైక్ నికోల్స్ ఇంకో దర్శకుడికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ నికోల్స్ తీసిన 2004 సినిమాకే ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది, 2011లో ఉత్తమ నటిగా ఆస్కారే పట్టుకెళ్లింది. ఒక ఇంట్లో ఉడకని పప్పు పక్కింట్లో మెత్తగా ఉడికిందంటే తప్పు పప్పుదా?

లూకాస్‌కి నటుల చేత చేయించడం రాదని మాత్రం నేననను. 1973లో ఆయన తీసిన సినిమాలో నటించిన క్యాండీ క్లార్క్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1977 స్టార్ వార్స్‌లో ఆలెక్ గిన్నెస్‌కీ వచ్చింది. ఆ గిన్నెస్ గారే షూటింగ్ రోజుల్లో గులాబీ రంగు కాగితాల మీద కొత్త కొత్త చెత్త డైలాగులు వచ్చి పడుతున్నాయని ఉత్తరంలో వాపోయారు. హారిసన్ ఫోర్డ్ అయితే మొహం మీదే అనేశాడు, ఇది టైపు చెయ్యొచ్చేమో గానీ నోటితో పలకలేం జార్జ్ అని. పాత స్టార్ వార్స్‌లో 1980 నాటి రెండో సినిమాకి దర్శకుడు ఇర్విన్ కెర్ష్‌నర్. అందులో నువ్వంటే ప్రేమ అని కథానాయిక అంటే, రాసింది పక్కన పెట్టి ఫోర్డ్ "నాకు తెలుసు" అన్నాడు. కెర్ష్‌నర్ అదే ఉంచాడు. నలభై ఏళ్లు దాటినా జనం దాన్ని తల్చుకుంటూనే ఉన్నారు.

నా గొడవంతా ఇక్కడే. అప్పుడు సెట్లో ఎదురు చెప్పేవాళ్లున్నారు. 1977 తర్వాత 22 ఏళ్లు లూకాస్ దర్శకుడి కుర్చీలో కూర్చోలేదు. తిరిగొచ్చేసరికి ఆయన రాసిందానికి డబ్బు పెట్టేదీ ఆయనే, తీసేదీ ఆయనే. సెట్లో ఉన్న కుర్రాళ్లలో కొందరు ఆయన సినిమా చూసి పెరిగిన వాళ్లు. ఇసుక గురించి చెప్పమంటే ఇసుక గురించే చెప్తారు. 1977 సినిమాకి ఆయన ఇచ్చిన సలహా ఒక్కటే, ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ఉద్వేగంగా చెయ్యండి అని ఆ నటులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మన వైపు పెళ్లి వీడియో తీసేవాడు కూడా "అక్షింతలు ఇంకాస్త మెల్లిగా వెయ్యండి సార్" అని వివరంగా చెప్తాడు.

ఇంకో రహస్యం. ఆ ప్రీక్వెల్స్ ఎడిటింగ్‌లో ఒక నటుణ్ని ఒక టేక్‌లోంచి, ఎదుటివాణ్ని ఇంకో టేక్‌లోంచి తీసి ఒకే ఫ్రేములో కూర్చేవారు. అంటే అతను చూస్తున్న చూపు ఆమె అప్పుడన్న మాటకి కాదు. అలా కుట్టిన బొంతలో ఒక ముక్క బాగాలేదని మనం నటుడి మార్కులు కోస్తాం. ఈ పాపంలో మీకూ కాస్త భాగం ఉంది లెండి, అంతలా కత్తిరించడానికి వీలిచ్చింది మీరేగా.

అలాగని మీకు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వను. రెండో భాగంలో తెల్ల కవచాల సైన్యం అంతమంది కనపడతారా, అందులో ఒక్కరికీ నిజంగా డ్రెస్సు కుట్టలేదు. అంతా కంప్యూటర్ పనే. దర్జీల పొట్ట కొట్టారు. కానీ మొదటి భాగంలో ఆ రాజభవనం పక్కనున్న జలపాతాలు చూసి "ఛీ, అంతా గ్రాఫిక్సే" అన్నవాళ్లని ఏం చేయాలి? అవి చిన్న నమూనాల మీదుగా ధారగా పోసిన ఉప్పు. రేసు చూడటానికి వచ్చిన జనం, దూరంగా రంగురంగులుగా ఊగేవాళ్లు, రంగు పూసి గుచ్చిన చెవి పుల్లలు. ఉప్పూ చెవి పుల్లలూ కష్టపడితే తిట్లు మీకు. ఇవన్నీ కూడబెట్టి పరువు నష్టం దావా వేస్తే రావాల్సింది చాలానే ఉంటుంది.

మీ పలుకుబడి కూడా తక్కువదేం కాదు. 1977 సినిమాకి ఆ చిన్న విమానాల నమూనాలని మీ ముందే నిలబెట్టి తీశారు. నీలం రంగుదేదైనా మీ ముందుకొస్తే మాయమైపోతుంది కాబట్టి, నీలం దళం అని రాసుకున్న విమానాల్ని మీ కోసం ఎర్ర దళం చేశారు. కథానాయకుడి దళానికే రంగు మార్పించినవాళ్లు మీరు. ఇంత కాలం నటీనటుల ముందు నోరు మూసుకుని నిలబడటం మీ పెద్దమనసు.

ఒక్క సంగతి దగ్గర నాకు నవ్వు రాదు. మొదటి భాగంలో జార్ జార్ అనే హాస్య పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్‌ని జనం ఎంత ఏడిపించారంటే, ప్రాణం తీసుకునేదాకా వెళ్లానని 2018లో ఆయనే బయటపెట్టాడు. అందులోనే చిన్నప్పటి అనాకిన్ వేషం వేసిన బాబునీ వదల్లేదు. అప్పుడు ఎవరికైనా మీ పేరు గుర్తొచ్చి, తప్పంతా ఆ గుడ్డదేలే అనుకుని ఉంటే బాగుండేది.

ఇప్పుడేమో గాలి మారింది. 2022లో క్రిస్టెన్‌సెన్ మళ్లీ ఆ వేషం కట్టేసరికి, ఇరవై ఏళ్లు ఏడిపించిన వాళ్లే చప్పట్లు కొట్టారు. ఆ బిగుసుకుపోవడం కావాలనే చేశాడట, చిన్నప్పటి నుంచీ మనసు అణచుకోమని పెంచితే కుర్రాడు అలాగే మాట్లాడతాడట. మా బావమరిది కూడా ఈ మధ్య ఇదే పాట. ఊరగాయ ఊరితే రుచి వస్తుందని తెలుసు గానీ ఇసుక కూడా ఊరుతుందని తెలియదు. మీకు మాత్రం ఈ క్షమాభిక్షలో వాటా రాలేదు. పైగా 2019 నుంచి ఆ కుటుంబంలోనే సీరియళ్లకి మీ బదులు పెద్ద ఎల్ఈడీ గోడ పెట్టి, ఆకాశాన్నీ ఎడారినీ దాని మీదే చూపిస్తున్నారు. నటులకి ఎదురుగా అన్నీ కనపడుతున్నాయి. అయినా నటన బాగాలేదని గొడవలు ఆగలేదు. ఈసారి తప్పు గోడదట.

ఇంతవరకూ మీ పక్షాన రాశాను గనక చివరి సంగతి దాచడం ధర్మం కాదు. మా హాల్లో ఓ పాత ఫోటో ఉంది. నాకు అప్పుడు పదేళ్లు, అమ్మా నాన్నా కూర్చుని ఉంటారు, నేను మధ్యలో నిలబడి ఉంటాను, వెనక మీ పెదనాన్న తాజ్‌మహల్. "కదలకు, ఊపిరి బిగబట్టు, మొహం సీరియస్‌గా పెట్టకు" అని ఆ ఫోటో ఆయన ఒకేసారి మూడూ చెప్పాడు. నేను మూడూ ఒకేసారి చేశాను. పండక్కి వచ్చినప్పుడు బావమరిది దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"బావా, క్రిస్టెన్‌సెన్ నయం."

"ఒరేయ్, వెనకాల ఆ పరదా ఉంటే ఎవరైనా అలాగే ఉంటార్రా" అన్నాను.

నోరు జారింది. మీ పెదనాన్నగారితో కాస్త మీరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
తమ విధేయుడు