నకీ లా గారికి, నా సున్నుండ విషయమై

మహారాజశ్రీ నకీ లా గారికి,

మనాలీ నుంచి లేహ్‌కు సైకిలు తొక్కుతూ, దారిలో పాంగ్ గుడారం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం ఒక వైపే ఉంది. అది మీ వైపు. పొద్దుగూకాక నేనైతే ఇక్కడికి చేరాను, మోకాళ్లు మాత్రం ఇంకా మీ దగ్గరే ఉన్నట్టున్నాయి. చలికి వేళ్లు కొంకర్లు పోయి అక్షరాలు వంకరగా పడుతున్నాయి, మన్నించాలి. మీ రోడ్డుకన్నా తిన్నగానే ఉంటాయి లెండి.

'లా' అంటే ఇక్కడి భాషలో కనుమ అని తెలుసుకునే వచ్చాను. మీ పేరును నాలుగుసార్లు గబగబా పలికితే తెలుగు చెవికి నకిలీ అని వినిపిస్తుందన్న సంగతి మాత్రం ఇవాళ మధ్యాహ్నం దాకా తట్టలేదు. మనాలీలోనే తట్టి ఉంటే కాస్త జాగ్రత్తపడేవాణ్ణి.

మీ బంధువర్గమైన మిగతా కనుమల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. రోహ్తాంగ్ గారు మొదట్లోనే ఊపిరి తీసినా, అవతల లాహౌల్ లోయలోకి దించి మర్యాదగా సాగనంపారు. బారాలాచా గారు రోజంతా సాగదీశారు. అయినా పైకొచ్చేసరికి సూరజ్ తాల్ చూపించారు, భాగా నది పుట్టే చోట నాలుగు నిమిషాలు కూర్చోనిచ్చారు. ఎక్కుడంటే ఎక్కుడు, దిగుడంటే దిగుడు. లేహ్ అవతల ఖర్దుంగ్ లా గారి బోర్డు ఏళ్ల తరబడి 18,380 అడుగులని కోతలు కోసిందట. కొలిచినవాళ్లు 17,582 దగ్గర తేల్చారు. పోనిద్దురూ, పెళ్లిచూపుల్లో ఇంతకన్నా పెద్ద కోతలే విన్నాం.

మీరు చేసింది అలాంటిది కాదు.

పొద్దున సర్చులో టీ పోసిన పెద్దమనిషి చెప్పిన మాట ఇది: "గాటా లూప్స్‌లో 21 మలుపులు లెక్కపెట్టుకో బాబూ. అవి అయ్యాక నకీ లా. ఆ తర్వాత అంతా దిగుడే." లెక్కపెట్టాను. ఎనిమిదో మలుపు దగ్గర ఇంకా చిన్న గేరు ఉందేమోనని బొటనవేలితో నొక్కి చూశాను. లేదు. పద్నాలుగో మలుపు దగ్గర, లేదని తెలిసీ మళ్లీ నొక్కాను. మధ్యలో, అక్కడ చనిపోయాడని చెప్పుకునే లారీ క్లీనరు ఆత్మకు దాహం తీరాలని జనం పెట్టిపోయిన నీళ్ల సీసాలు గుట్టగా కనబడ్డాయి. నా సీసాలో రెండు గుక్కలే మిగిలాయి. ఆత్మకు అన్ని నీళ్లు, నాకు రెండు గుక్కలా అని ఒక్క క్షణం బుద్ధి వంకరపోయిన మాట నిజం. ముట్టుకోలేదు. ఎన్నో మలుపులో ఉన్నానో మాత్రం మరిచిపోయాను. మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు బొటనవేలు పైకెత్తి ఉత్సాహపరుస్తూ, మొహాన దుమ్ము కొట్టి పోయారు. వాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను.

ఇక అసలు సంగతి. మా పెద్దమ్మ కట్టిచ్చిన డజను సున్నుండల్లో ఒక్కటి మిగిలింది. ఇవాళ్టి చివరి ఎక్కుడు పూర్తయ్యాక తినాలని నిన్నటి నుంచి దాచాను. చలికి నెయ్యి గడ్డకట్టి గోలీకాయలా బిగుసుకుపోతే, మెత్తబడుతుందని పొద్దుటి నుంచి చొక్కా లోపల పెట్టుకుని తొక్కాను. మీ బోర్డు కనబడింది, 15,547 అడుగులని. సైకిలు దానికి ఆనించి, ఫొటో తీసుకుని, బండమీద కూర్చుని కవరు విప్పాను. ఎండిన నోట్లో మినపపిండి అంగిలికి అతుక్కుపోతే, ఆ రెండు గుక్కలూ పోసి మరీ మింగాను. చలికోటు జిప్పు మెడదాకా లాగాను. ఇక దిగుడే కదా!

రెండు మలుపులు దిగానో లేదో, ఎదురు కొండమీద చీమలబారులా లారీలు పైకి పోతున్నాయి. పోతే పోనీ, ఎవరి దారి వాళ్లది అనుకున్నాను. నా దారీ అదే.

అయ్యా, నకీ లా గారూ, ఆ ఎత్తు నేను పొద్దుటి నుంచి దమ్మిడీ దమ్మిడీ కూడబెట్టింది. అవతల లాచుంగ్ లా 5,000 మీటర్ల పైన కూర్చుని ఉందని మీకు తెలుసు. అక్కడికి నేను ఎలాగూ ఎక్కాలనీ తెలుసు. తెలిసీ ఆ విస్కీ నాలాలోకి ఎందుకు దింపినట్టు? (పేరులో ఉన్నది ఏరులో లేదు, అదొకటి.) ఫోనులో చూసినప్పుడు అది గోటిగీత అంత పల్లం. గాలిలో ప్రాణవాయువు సగానికి కాస్త పైచిలుకు మాత్రమే ఉన్న చోట ఆ గోటిగీతలోంచి బయటపడటం ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఎక్కి చూశావా? నువ్వెందుకు ఎక్కుతావు, కదలకుండా కూర్చునేదానివి! వైకుంఠపాళిలో కూడా నిచ్చెన నిచ్చెనే, పాము పామే. నిచ్చెన చివర పాము తల తగిలించిన ఘనత నీదే. ఎత్తు తీసుకుపోయావు, సరే. నా సున్నుండ ఎందుకు తినిపించావు? దిగేది దిగుడు కాదని ఆ బోర్డు కింద ఒక్క ముక్క రాసి ఉంటే, దాన్ని చొక్కాలోనే ఉంచుకునేవాణ్ణి కదా!

లాచుంగ్ లా మీదికి చివరి కిలోమీటరు సైకిలు తోసుకుంటూ వెళ్లాను. రంగు జెండాల కింద కూర్చుని ఖాళీ కవరును తిరగేసి, మూలన చిక్కుకున్న పిండిని తడివేలితో అద్ది నాకాను. ఈ సంగతి మా పెద్దమ్మకు చెప్పవద్దు.

ఒకటి మాత్రం దాచను. నీ నెత్తిన బండమీద కూర్చున్న ఆ పావుగంట, ఇవాళ్టికి పని అయిపోయిందని నమ్మి కాళ్లు చాపుకున్న ఆ పావుగంట, మనాలీలో బయలుదేరాక అంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. మోసపోతున్న పావుగంటే అయినా సరే.

రేపు మోరే మైదానాలు, ఆ తర్వాత తంగ్‌లంగ్ లా. గుడారం అవ్వ ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చింది. బోర్డు కనబడినా విప్పను. సైకిలు పడేసి, నడిచి వెళ్లి, అవతలి వైపు తొంగి చూసి, ఎదురుగా ఏ లారీ పైకి పోవడం లేదని రూఢి చేసుకున్నాకే విప్పుతాను.

ఇట్లు,
సున్నుండ పోగొట్టుకున్నవాడు