ఉమ్మడి కుటుంబాన్ని కాపాడుతున్న ఎఫ్4

ఉమ్మడి కుటుంబం పోయిందని, తోబుట్టువుల మధ్య ప్రేమలు ఎండిపోయాయని ఏటా సంక్రాంతికి ఎవరో ఒకరు వ్యాసం రాసి మనల్ని ఏడిపిస్తుంటారు. వీళ్లెవరూ అమెరికా ఇమిగ్రేషన్ చట్టం చదివినట్టు లేరు. చదివుంటే, మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లల్లో అక్కాతమ్ముళ్ల అనుబంధాన్ని ఇరవయ్యేళ్ల పాటు చెక్కుచెదరకుండా నిలబెడుతున్నది మన సంస్కృతీ కాదు, పెద్దల పెంపకమూ కాదు, వాషింగ్టన్‌లో రాసుకున్న ఎఫ్4 అనే ఒక కేటగిరీ అని ఒప్పుకునేవాళ్లు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికా పౌరసత్వం ఉండి 21 ఏళ్లు నిండినవాళ్లు తమ అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం ఐ-130 అనే పిటిషన్ వేయొచ్చు. గ్రీన్‌కార్డు ఒక్కటే ఉంటే కుదరదు. ఈ ఎఫ్4 కింద ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని నియమం, అంటే స్థూలంగా మన వాటాకి 4,550. అందులో తమ్ముడొక్కడే కాదు, తమ్ముడి భార్య, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే ఏడాదికి పదకొండు వందల చిల్లర కుటుంబాలు. 140 కోట్ల జనాభాకి ఇది బాగానే సరిపోతుందని ఎవరో కూర్చుని లెక్క వేశారు. ఫలితం ఏమిటంటే, 2025లో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది 2006లో ఫైల్ చేసినవాళ్లకి. మనమే నయం, మెక్సికో వాళ్ల తేదీ అప్పటికి ఇంకా 2001లోనే ఉంది.

అసలు ఈ తోబుట్టువుల వాటా ఎలా పెరిగిందో తెలిస్తే నవ్వాగదు. 1965లో చట్టాన్ని తిరగరాసినప్పుడు, అమెరికాలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది యూరప్ సంతతే కాబట్టి వాళ్ల అన్నదమ్ములన్నా అక్కచెల్లెళ్లన్నా మళ్లీ యూరప్ నుంచే వస్తారు, దేశం రూపురేఖలేమీ మారవు అని అక్కడి పెద్దలు కొందరు ధీమాగా ఉన్నారు. ఆ ఏడాది అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం కాళ్ల దగ్గర కూర్చుని ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు, పెడుతూ ఇది విప్లవాత్మకమైన బిల్లేమీ కాదని కూడా అన్నాడు. పాపం, ఆయనకి రేపల్లె సంగతి తెలియదు.

రేపల్లెలో ఒక తమ్ముడు ఉన్నాడనుకోండి. అక్క న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. 2006లో ఆవిడకి పౌరసత్వం వచ్చింది, ఆ నెలలోనే తమ్ముడికి ఫైల్ చేసింది. ఫైల్ చేసిన నాటికి రేపల్లె గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అప్పటి రాజధాని హైదరాబాద్, ఆ తర్వాత రాజధాని గొడవ ఎన్ని మలుపులు తిరిగిందో మీకు చెప్పక్కర్లేదు. భువనగిరిలో ఉన్న తమ్ముడిదైతే మరీ విచిత్రం: ఆయన వాకిట్లోంచి కాలు బయట పెట్టకుండానే నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకి, ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకి వలస వెళ్లిపోయాడు. అమెరికాకి మాత్రం వెళ్లలేదు. ఫారంలో రాసిన ల్యాండ్‌లైన్ నంబరు కనెక్షన్ తీసేసి పదేళ్లు దాటింది. అన్నీ కదిలాయి, ఆ తేదీ ఒక్కటే ఉన్నచోట ఉంది.

పూర్తిగా ఉన్నచోటే ఉంది అంటే అబద్ధం అవుతుంది. ఏ తేదీ దాకా ఫైల్ చేసినవాళ్ల వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా వస్తుంది, అందులో తేదీ ఒక నెల వారం కదులుతుంది, ఒక నెల అసలు కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుంది. పదేళ్లు గడిస్తే నాలుగైదేళ్లు కదిలితే గొప్ప. కాబట్టి 2006లో పెట్టినవాడికి పంతొమ్మిదేళ్లు పట్టింది గనక ఇవాళ పెట్టేవాడికీ అంతే పడుతుంది అనుకునే అమాయకులకి నేను చెప్పగలిగిందేమీ లేదు. అమెరికా ప్రభుత్వానికి ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కోటా కొత్తగా తెరుచుకుంటుంది. అందుకని ఈ ఇళ్లల్లో ఉగాది చైత్రంలో రాదు, దసరా దగ్గర్లో వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆడపిల్లకి పుట్టింటి ఆస్తిలో సమాన వాటా ఉండాలని ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబర్ నుంచే అమలయ్యేలా. 2005లో దేశమంతటికీ అలాంటి చట్టమే వచ్చింది. చట్టం చెప్పింది కదా అని ఎంతమంది తమ్ముళ్లు పరిగెత్తుకెళ్లి అక్కల వాటా రిజిస్టర్ చేయించారో మన అందరికీ తెలుసు. రేపల్లె అక్కకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం కూడా పెళ్లయిన నాటి నుంచి తమ్ముడి సాగులోనే ఉంది, కౌలు అడిగితే "ఈ ఏడు పంట పోయిందక్కా" అనేవాడు. ఏటా పోయేది పాపం. 2006లో పిటిషన్ రసీదు చేతికొచ్చిన దగ్గర్నుంచి ఆ ఎకరంలో ఒక్క పంటా పోలేదు. తుపాను వచ్చిన ఏడు కూడా పోలేదు. కౌలు డబ్బులు సంక్రాంతి లోపలే అక్క ఖాతాలో పడుతున్నాయి, పాసుపుస్తకం జిరాక్స్ వాట్సాప్‌లో వెళ్తోంది. అసెంబ్లీ, పార్లమెంటూ చేయలేని పని ఒక్క రసీదు చేసింది.

ఇక మరదలు. ఆడపడుచు పేరెత్తితే మూతి తిప్పుకునే మనిషి ఇవాళ వదినగారు వస్తున్నారంటే ఇంటికి రంగులు వేయిస్తుంది. ఇంట్లో మొదటి ఏసీ పెట్టింది వదినగారి గదిలో. గోంగూర పచ్చడి వేరే నూనెతో, ఉప్పు తగ్గించి, ఎందుకంటే వదినగారికి బీపీ.

ఈ బీపీ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. పిటిషన్ వేసిన మనిషి చనిపోతే సాధారణంగా పిటిషన్ కూడా వాళ్లతోనే పోతుంది. దయతలచి మళ్లీ బతికించండి అని వేడుకునే వీలు లేకపోలేదు, కానీ తలవడం తలవకపోవడం వాళ్ల ఇష్టం. దీని ప్రభావం ఆదివారం ఉదయం ఫోన్ కాల్ మీద ఎలా ఉంటుందంటే:

"అక్కా, వాకింగ్ చేస్తున్నావా?"

"చేస్తున్నాన్రా, మంచు పడుతోంది, ఈ వారం మానేశా."

"మానేస్తే ఎలా అక్కా? మూడు నెలల షుగర్ ఎంతొచ్చింది?"

"ఏడు పైనే ఉందిరా."

వెనకాల నుంచి మరదలు: "ఏడు పైనా? వదినగారూ, ముందు ఆ అన్నం మానెయ్యండి, నా మాట వినండి. అన్నయ్యగారు కారు నడుపుతుంటే బెల్టు పెట్టుకుంటున్నారా లేదా?"

బెల్టు గురించి ఆ అక్క సొంత కొడుకు కూడా ఎప్పుడూ అడగలేదు. ఇంతటి ఆప్యాయతని ఏ చట్టం పుట్టించగలదు చెప్పండి.

2013లో సెనేట్ పాస్ చేసిన బిల్లు ఈ తోబుట్టువుల కేటగిరీనే ఎత్తేస్తానంది. రెండో సభలో అది ముందుకు పోలేదు కాబట్టి సరిపోయింది. అది గనక చట్టమై ఉంటే రేపల్లె ఎకరంలో మళ్లీ వరసగా పంటలు పోయేవి.

వేచి ఉండలేక ఒకసారి చూసొద్దామనుకుంటే అదీ అంత తేలిక కాదు. మేనకోడలి పెళ్లికి విజిటర్ వీసా కోసం ఫారం నింపుతుంటే అందులో ఒక ప్రశ్న ఉంటుంది, మీ కోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని. వేశారు అని నిజం చెబితే, ఈయన వెళ్లి అక్కడే ఉండిపోతాడేమో అనే అనుమానానికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టు. చాలామందికి అక్కడే గండి పడుతుంది. అమెరికాకి రావాలని చట్టప్రకారం, ఫీజు కట్టి, వరసలో నిలబడ్డ మనిషిని అనుమానించి, అలాంటి కోరికేదీ లేదన్న మనిషిని నమ్మడం ఒక గొప్ప పరిపాలనా సూత్రమే. అదే వాళ్లమ్మ సీతారావమ్మగారికి చూడండి, పౌరుల తల్లిదండ్రులకి కోటా లేదు కాబట్టి గ్రీన్‌కార్డు తొందరగానే వచ్చేసింది. ఆవిడ వెళ్లి, ఒక చలికాలం కిటికీలోంచి చూసి, మాట్లాడే మనిషి లేడని తిరిగొచ్చేసింది. రావాలన్నవాడికి దారి లేదు, వద్దన్న మనిషికి వరస లేదు.

పిల్లల విషయంలో చట్టం ఇంకా సూక్ష్మంగా ఆలోచించింది. 21 నిండిన పిల్లలు తల్లిదండ్రుల వెంట రాకూడదు. అయితే 2002లో ఒక దయగల సవరణ తెచ్చారు: పిటిషన్ అప్రూవ్ కావడానికి ఆఫీసువాళ్లు ఎన్నాళ్లు తీసుకున్నారో అన్నాళ్లని పిల్లల వయసులోంచి తీసేస్తారు. అంటే వాళ్లు ఎంత బద్ధకిస్తే మన పిల్లాడు అంత చిన్నవాడు అవుతాడు. రేపల్లె ఫైల్ మూడేళ్లలో అప్రూవ్ అయింది. అప్పుడు స్వీట్లు పంచారు, ఇప్పుడు తలలు పట్టుకుంటున్నారు. నాలుగేళ్లప్పుడు పేరు చేరిన కొడుక్కి ఇవాళ 23, మూడు తీస్తే 20, బతికాడు. ఏడేళ్లప్పుడు పేరు చేరిన కూతురికి 26, మూడు తీసినా 23, పోయింది. ఆ ఆఫీసులో ఆ గుమాస్తా ఇంకో రెండేళ్ల చిల్లర పాటు ఫైల్ కింద కాఫీ కప్పు పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది. అన్నట్టు ఆ కూతురు ఈలోగా ఎమ్మెస్‌కని డల్లాస్ వెళ్లి, ఉద్యోగం తెచ్చుకుని, గ్రీన్‌కార్డు కోసం అక్కడ ఇంకో వరసలో నిలబడి ఉంది. కొడుకు మాత్రం వీసా చేతికొచ్చి అక్కడ దిగేదాకా పెళ్లి చేసుకోకూడదు, సంబంధాలు చూసేవాళ్లకి ఈ మాట ముందే చెబుతున్నారు.

కాగితాల దగ్గరికి వస్తే, 1967లో పుట్టిన తమ్ముడికి జనన ధ్రువీకరణ ఎక్కడిది? రికార్డుల్లో లేదు కాబట్టి, లేదని ఒక ధ్రువీకరణ తేవాలి. ఆపైన పుట్టుక తెలిసిన పెద్దలు అఫిడవిట్ ఇవ్వాలి. 2006లో అడిగి ఉంటే మేనత్త ఉంది, మంత్రసాని ఉంది, వీధి చివర కరణంగారు ఉన్నారు. పంతొమ్మిదేళ్లు ఆగి అడిగారు, ముగ్గురూ లేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూలై 1, ఎందుకంటే ఆ ఏడు హెడ్మాస్టరు గారు బళ్లో చేరిన పిల్లలందరినీ జూలై 1న పుట్టించారు. అన్నిటికంటే పెద్ద చిక్కు అమ్మ పేరు. అక్క కాగితాల్లో సీతారావమ్మ, తమ్ముడి కాగితాల్లో సీతారామమ్మ. అమెరికా కళ్లకి వీళ్ల నాన్నకి ఇద్దరు భార్యలు. అయినా ఫర్వాలేదండీ, తండ్రి ఒకరైతే చాలు, సవతి తోబుట్టువులకి కూడా ఎఫ్4 వర్తిస్తుంది అని కన్సల్టెంట్ ఊరడించాడు. 84 ఏళ్ల సీతారావమ్మగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆవిడకి చెవులు బాగా వినిపిస్తాయి. ఆ కన్సల్టెంట్ మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ఇంతా చేసి, వచ్చేవాళ్లు ప్రభుత్వానికి భారం కారు అని స్పాన్సర్ పూచీ ఇవ్వాలి. అక్కడి పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించాలి. పిటిషన్ వేసినప్పుడు అక్క ఉద్యోగంలో ఉంది, ఇప్పుడు రిటైరైంది. అందుకని ఎడిసన్‌లో పుట్టిపెరిగిన మేనల్లుడు, తెలుగులో "బాగున్నారా" తప్ప ఇంకో మాట రాని కుర్రాడు, మేనమామ కుటుంబానికి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాడు. మేనరికాలు పోయాయని బాధపడే పెద్దలకి ఇది కొంత ఊరట.

చిలుకూరు మొక్కు కూడా ఉంది. తమ్ముడు 39 ఏళ్లప్పుడు పదకొండు ప్రదక్షిణలు చేసి, పని అయితే నూట ఎనిమిది చేస్తానని మొక్కుకున్నాడు. అక్కడ హుండీ లేదు, స్వామి పైసా అడగడు, ఐ-130కి ఇప్పుడు కాగితం మీద పెడితే 675 డాలర్లు. పని అయింది, ఇప్పుడు వయసు 58, నూట ఎనిమిదికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. విడతలవారీగా తీర్చవచ్చా అని ఇంట్లో చర్చ నడుస్తోంది.

ఇంటర్వ్యూ ముంబైలో. ఊళ్లో లేనివాళ్లకి తెలియదు గానీ, వీసా వచ్చిన రోజు రాత్రి ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా సంతోషపడలేదు. బ్యాంకు ఉద్యోగానికి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది, పెన్షన్ ఉంది, ఇల్లు కట్టిన అప్పు మొన్ననే తీరింది. అక్కడికి వెళ్లి ఏం చేస్తాడు, ఏ దుకాణంలోనో కౌంటరు దగ్గర నిలబడాలి. వెళ్లకపోతే పంతొమ్మిదేళ్ల కౌలు డబ్బులు ఎవరిస్తారు? వెళ్లారు.

వెళ్లాక మొదటి ఏడాదిలోనే అక్కాతమ్ముళ్లు దేనికో మాటామాటా అనుకున్నారని, ఇప్పుడు ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి పండగలకి కూడా కలవడం లేదని విన్నాను. ఎకరం సంగతి లాయరు దగ్గరికి వెళ్లిందట. ఇది చట్టం తప్పు కాదు, అది తన పని ఉన్నంతకాలం చేసింది.

మరదలు మాత్రం ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయా అని చూస్తోంది. పౌరసత్వం రాగానే చీరాలలో ఉన్న తన తమ్ముడికి ఫైల్ చేస్తానని మాటిచ్చింది. పెళ్లిలో పెట్టిన పట్టుచీర నాసిరకమని పదిహేనేళ్లుగా ఈవిడతో మాటలు మానేసిన ఆ తమ్ముడి భార్య, పోయిన వేసవిలో ఐదు కిలోల ఆవకాయ కొరియర్ చేసింది, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టి, పైన "వదినగారికి" అని రాసి.