గడ్డి చామంతి పసరూ, బాబాయి ఫార్వర్డూ

మా ఇంటి గ్రూపులో బాబాయి మళ్లీ పెట్టారు, ఈ ఏడాది ఇది మూడోసారి. సారాంశం ఇదీ: గడ్డి చామంతి వేల ఏళ్ల ఆయుర్వేద రహస్యం, పసరు పిండితే క్షణంలో నెత్తురు ఆగి గాయం మానుతుంది, శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు, పసుపు విషయంలో అమెరికాయే ఒప్పుకుంది, కాబట్టి టీటీ సూది, కుట్లు దండగ.

ఆ ఆకు మీద నాకేం కోపం లేదు. బొగ్గుతో కలిపి నూరి పలకకు రుద్దుకున్న ఆకే అది. మోకాలు చెక్కుకుపోతే మా అమ్మమ్మ పిండిందీ దాన్నే.

కానీ వేల ఏళ్ల మాట తప్పు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు. మిరపకాయలాగే సముద్రం దాటి వచ్చింది. ఎక్కడినుంచో వచ్చిన కలుపు మొక్కకు మన పల్లెవాళ్లు ఒక వాడుక కనిపెట్టారంటే అదే గొప్ప. దానికి రుషుల పేరు తగిలించక్కర్లేదు.

నెత్తురు సంగతి. చిన్న తెగుడు మీద శుభ్రమైన గుడ్డ పెట్టి కాసేపు గట్టిగా అదిమినా ఆగుతుంది. మరి ఆకు ముద్ద పెట్టి నొక్కినప్పుడు ఆపింది పసరా, వేలా? తేల్చాలంటే కొందరికి ఈ ఆకు, కొందరికి మరో ఆకు, కొందరికి ఉత్త గుడ్డ కట్టాలి. గాయాన్ని కొలిచేవాడికి ఎవరికేది కట్టారో తెలియకూడదు. చెక్కుకుపోయిన మోకాలు ఏమీ రాయకపోయినా మానుతుంది కదా, పేచీ అంతా అక్కడే.

శాస్త్రవేత్తలు పరీక్షించిన మాట నిజమే, ఎలుకల మీద. మత్తిచ్చి, వీపున చర్మం గుండ్రంగా కోసి, గాయం అంచును పారదర్శక కాగితం మీద గీసి, రోజురోజుకీ ఎంత తగ్గిందో లెక్కేస్తారు. ఇంకో పద్ధతిలో నిలువుగా కోసి కుట్టేసి, కొన్నాళ్లకు ఆ అతుకు విడిపోవడానికి ఎంత బలం కావాలో చూస్తారు. మంచి ఫలితాలు వచ్చిన పేపర్లు ఉన్నాయి. అయితే ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఒకటి ఉంటుంది. సంచి మూతి తాడు లాగినట్టు అది గాయాన్ని దగ్గరకు బిగిస్తుంది. మనకు ఆ పొర దాదాపు లేదు. అడుగునుంచి కొత్త కండ నిండి, పైన చర్మం పాకాలి. పైగా ల్యాబులో సాధారణంగా వాడేది ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో తీసి, ఆరబెట్టి, తూచిన సారం. కుక్కలు తిరిగే గట్టున తెంపిన ఆకు కాదు.

పసుపు కథ సగమే చెప్పారు. గాయాలకు పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికాలో పేటెంటు వచ్చింది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఎందుకు? అది కొత్త సంగతి కాదని, భారతీయులకు ముందే తెలుసని. అక్కడ తేలింది ఎవరి సొత్తన్నదే. గాయం ఎంత బాగా మానుతుందన్నది కాదు.

నాటుమందు పరీక్షకు నిలవదని నేననను. తేనె నిలిచింది. పైపై కాలిన గాయాలు మామూలు కట్ల కంటే తేనె కట్టుతో నాలుగైదు రోజులు ముందే మానుతున్నాయని మనుషుల మీద జరిగిన పరీక్షల్లోనే తేలింది. అయితే ఇప్పుడు ఆసుపత్రుల్లో గాయాలకు కట్టేది గామా కిరణాలతో శుద్ధిచేసిన వైద్య తేనె. వంటింటి సీసా కాదు.

ఇక సూది దండగ అన్న ముక్క. ధనుర్వాతం బీజాలు మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతుకుతాయి. గాలి తగలని లోతు గాయంలో మొలకెత్తి, నరాలకెక్కే విషం వదులుతాయి. మేకు దిగినంత లోతుకు పసరు దిగదు. ఆ విషాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలను టీకా పుట్టించినట్టు అది పుట్టించలేదు. మట్టి అంటిన ఆకే బీజాలను మోసుకొస్తుంది కూడా. పసికందు బొడ్డుకు పేడ రాయడం వల్ల ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో మన ముసలమ్మలకు తెలుసు. టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చాకే 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

బాబాయి మాటలో ఓ పిసరు నిజముంది: గీసుకున్న ప్రతిసారీ సూది అక్కర్లేదు. టీకాలన్నీ పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసుకు పదేళ్లు, మురికి గాయమైతే అయిదేళ్లు దాటితేనే సూది కావాలి. కానీ ఆయనకు షుగరు. అరికాలికి ముల్లు దిగినా నొప్పి తెలియదు. ఆ కాలికి పసరు కట్టుకుని వారం చూద్దామంటే మాత్రం, బాబాయ్, గ్రూపులో కాదు, ఇంటికొచ్చి పోట్లాడతాను.