ఆ రూ.2.33 కరెంటు ఎక్కడుంది స్వామీ?

"కృష్ణపట్నంలో యూనిట్ రూ.2.33కే ఖాయమైంది. టెండర్లో తేలిన రేటు 25 ఏళ్లు మారదు. తర్వాత వచ్చిన నాయకులు చెడగొట్టారు. టెండర్ లేకుండా ఇచ్చే ప్రాజెక్టులు ఇంకా ఘోరం." నెల్లూరు ఫ్రెండ్స్ గ్రూపులో, పొగగొట్టాల ఫోటోతో సహా ఈ మెసేజ్ రావడం ఈ వారం నాలుగోసారి.

ముందు ఫోటో సంగతి. ఆ పొగగొట్టాలు నేలటూరులో ప్రభుత్వ విద్యుత్ సంస్థ జెన్‌కో కట్టిన వేరే ప్లాంటువి. టెండర్లో రూ.2.33 పలికిన 4000 మెగావాట్ల ప్రాజెక్టు కట్టనేలేదు, ఫోటో తీయడానికి గొట్టమే లేదు.

నాయకులు చెడగొట్టారా? పని ఆగింది 2011లో. అప్పటికి రాష్ట్రం విడిపోనేలేదు. సరే, వదిలేద్దాం.

అసలు తంటా "25 ఏళ్లు మారదు" దగ్గరుంది. 2007లో రిలయన్స్ పవర్ కోట్ చేసిన 2.33 అనేది పాతికేళ్ల లెక్కను చదును చేసి చూపిన సగటు. టెండర్లను పక్కపక్కన పెట్టి చూడ్డానికి పనికొచ్చే అంకె. నెలనెలా బిల్లు మీద వచ్చే రేటు కాదు. పైగా ఆ ప్లాంటు తినాల్సింది ఇండోనేసియా బొగ్గు. 2010లో ఆ దేశం, మార్కెట్ రేటుకు తక్కువగా బొగ్గు అమ్మకూడదని రూల్ పెట్టింది. కంపెనీ రేటు పెంచమంది, కరెంటు కొనాల్సిన పంపిణీ సంస్థలు (డిస్కంలు) కుదరదన్నాయి, అంతే.

మా చిన్నాన్న రొయ్యల గుంట తవ్వించినప్పుడూ ఇదే జరిగింది. అందరికంటే తక్కువకు ఒప్పుకున్న జేసీబీ అతను, డీజిల్ రేటు పెరగ్గానే ఒక గట్టు పోసి, రెండో గట్టు వదిలేసి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒప్పందం కాగితం ఇప్పటికీ చిన్నాన్న బీరువాలో భద్రంగా ఉంది. దాంతో గుంటలో ఏరేటర్ తిప్పుకోవచ్చేమో, మెసేజ్ రాసినాయన్నే అడగాలి. ఇండోనేసియా బొగ్గు మీదే ఆధారపడ్డ గుజరాత్‌లోని ముంద్రా ప్లాంట్ల కేసులో 2017లో సుప్రీంకోర్టు, బొగ్గు ధర పెరగడం బిడ్డర్ భరించాల్సిన రిస్కేనని తేల్చింది. న్యాయమే. కాని కట్టని ప్లాంటుకు ఏ తీర్పు కరెంటు పుట్టిస్తుంది?

చివరి మాట మాత్రం ఒప్పుకుంటాను. టెండర్ లేకుండా 1990ల్లో అమెరికా కంపెనీ ఎన్రాన్‌కు ఇచ్చిన దభోల్ కరెంటు ప్లాంటుతో మహారాష్ట్ర ఎంత అవస్థ పడిందో, 2001లో ఆ కరెంటు కొనడమే ఎలా మానుకుందో చూశాం. సోలార్‌లో పోటీ పనిచేసింది కూడా. కర్నూలులో 2015లో రూ.4.63 పలికిన యూనిట్, 2017లో కడపలో రూ.3.15కి దిగింది. ఎండను ఇండోనేసియా నుంచి ఓడల్లో తెచ్చుకోనక్కర్లేదు కదా, అందులోనూ మన ఎండను.

ఐదోసారి పంపేవాళ్లు కనీసం ఫోటో అయినా మార్చండి.