మాత్ర ఎందుకో, ఎన్నాళ్లో చీటీ మీద రాయాలి

బుద్ధిమాంద్యం మానసిక జబ్బు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మత అంటే ఏమిటో చెబుతూ, బుద్ధిమాంద్యం అందులోకి రాదని విడిగా రాసింది. అంతకు ముందు ఏడాది వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ ఈ రెండూ వేర్వేరు పద్దులే. కాగితం మీద ఇంత తేటగా ఉన్న తేడా ఓపీ గది దగ్గరికి వచ్చేసరికి చెరిగిపోతోంది. పిల్లోడు తల గోడకేసి కొట్టుకుంటున్నాడనో, రాత్రంతా నిద్రపోకుండా అరుస్తున్నాడనో తల్లి చెబుతుంది. తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే యాంటీసైకోటిక్ మందు, రిస్పెరిడోనో హాలోపెరిడాలో, రాసిన చీటీ చేతికొస్తుంది. దాని మీద మందు పేరు ఉంటుంది, పూటకెన్నో ఉంటుంది, జబ్బు పేరు మాత్రం ఉండదు. ఆ చీటీకే లామినేషన్ చేయించి ఏళ్ల తరబడి మందుల షాపులో చూపిస్తున్న కుటుంబాలు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొత్త కాదు.

మందులు వద్దని ఈ పత్రిక అనడం లేదు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మానసిక జబ్బులు రావని అనుకుంటే అంతకంటే పెద్ద తప్పు లేదు. గ్లాస్గోలో 1,023 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రవర్తన సమస్యలతో కలిపి చూస్తే దాదాపు 40 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. డిప్రెషన్, విపరీతమైన భయం, ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్, లేనివి ఉన్నట్టు కనిపించే, వినిపించే సైకోసిస్ అన్నీ వీళ్లకూ వస్తాయి. వచ్చినప్పుడు మందు ఇవ్వకపోవడం అన్యాయం. మా అభ్యంతరమల్లా జబ్బు ఏమిటో తేల్చకుండా, గొడవ ఆగితే చాలన్నట్టు మాత్ర రాయడం మీదే.

మాట రానివాళ్లకు ఒళ్లే మాట. పన్ను పుచ్చి నొప్పి పెడితే దవడ మీద కొట్టుకుంటారు. నాలుగు రోజులుగా విరేచనం కాకపోతే అన్నం పళ్లెం విసిరేస్తారు. చెవిలో చీము, కడుపులో మంట, ఆడపిల్లలకు నెలసరి నొప్పి, ఇవన్నీ బయటికి ‘మొండితనం’గానే కనిపిస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ మందగించడం మామూలు, దాంతో మనిషి నీరసపడి మూల కూర్చుంటే డిప్రెషన్ అనుకుంటారు. వయసు నలభై దాటాక వాళ్లలో మతిమరుపు జబ్బూ తొందరగా మొదలవుతుంది. మూర్ఛకు వాడే మందుల్లోనే కొన్ని చిరాకు పెంచుతాయి. ఫినోబార్బిటోన్ వేసుకునే పిల్లకాయలు అతిగా గంతులేయడం డాక్టర్లకు తెలిసిన సంగతే. ఆ గంతులు ఆపడానికి ఇంకో మాత్ర రాస్తే తప్పు ఎక్కడ మొదలైందో ఇక ఎవరికీ గుర్తుండదు.

ఇల్లు మారినా, దినచర్య మారినా అంతే. మామిడి సీజన్‌లో తల్లి గుజ్జు ఫ్యాక్టరీకి షిఫ్టు పనికి వెళ్తుందనుకుందాం. పిల్లోడిని అవ్వ దగ్గర వదిలేస్తుంది. అన్నం వేళ మారుతుంది, పెట్టే చేయి మారుతుంది. వారం తిరిగేసరికి వాడు అవ్వను కొరుకుతాడు. గంగమ్మ జాతర డప్పులకు చెవులు మూసుకుని వీధి దద్దరిల్లేలా అరిచే పిల్లలూ ఉన్నారు. దీనికి మందు కాదు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అలా చేస్తున్నాడో రెండు వారాలు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవడం మొదటి పని. చదువు రాని తల్లయితే ఆశా కార్యకర్త రాసిపెట్టవచ్చు. ఆ పుస్తకం చూడకుండా మందు రాసే డాక్టరు కంటే, మంత్రగాడి దగ్గర అంత్రం కట్టించే మేనమామ ఏం తక్కువ తిన్నాడని అడగాలనిపిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ఇంకా కనపడకుండా పోతుంది. 1982లో అమెరికాలో స్టీవెన్ రీస్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. మనిషిని కదలనివ్వనంత భయంతో బాధపడే ఒకరి కేసు వివరాలు సైకాలజిస్టులకు ఇచ్చారు. అదే వ్యక్తికి బుద్ధిమాంద్యం ఉందని కలిపి చెప్పినప్పుడు, ఆ భయాన్ని వాళ్లు పెద్ద సమస్యగా లెక్కపెట్టలేదు. ‘వాళ్లు అంతేలే’ అన్న మాట మన ఊళ్లలో రోజూ వినే మాటే. తండ్రి పోయాక ఆరు నెలలుగా అన్నం సయించని ముప్పై ఏళ్ల మనిషి గురించి కూడా అంతే అంటారు. అతడికి దుఃఖం ఉందని, అది డిప్రెషన్‌గా మారి ఉండవచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు. చాలాసార్లు డాక్టరుకూ తట్టదు. దీనికి తిరగబడిన పొరపాటూ జరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం సహజం. గాలిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడంటూ దానికి సైకోసిస్ ముద్ర వేసేస్తారు.

ఇక మందుల పని తీరు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రతి మెడికల్ కాలేజీలో చదివించాల్సినది. బుద్ధిమాంద్యం ఉండి, దూకుడుగా ప్రవర్తించే 86 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు హాలోపెరిడాల్, ఒక జట్టుకు రిస్పెరిడోన్, మూడో జట్టుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాలకు మూడు జట్లలోనూ దూకుడు తగ్గింది. అన్నిటికంటే ఎక్కువగా తగ్గింది ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లకే. ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకుకు రిస్పెరిడోన్ పని చేస్తుందన్న ఆధారాలు ఉన్నాయి, 2006లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది కూడా. కానీ ఒక సందర్భంలో పనికొచ్చిన మందు అన్ని సందర్భాలకూ పనికిరాదు. బ్రిటన్‌లో బుద్ధిమాంద్యం ఉన్న 33,016 మంది వైద్య రికార్డులు తిరగేసిన అధ్యయనం 2015లో వెలువడింది. యాంటీసైకోటిక్ మందులు రాయించుకున్నవాళ్లలో 71 శాతం మందికి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నట్టు నమోదే కాలేదని అందులో తేలింది. మరుసటి ఏడాది నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ అనవసర మందులు తగ్గించే కార్యక్రమమే పెట్టుకుంది.

అనవసరపు మాత్ర ఊరికే కడుపులో పడి ఊరుకోదు. బరువు పెరుగుతారు, షుగర్ వస్తుంది. నోట్లోంచి చొంగ కారుతుంది, చేతులు వణుకుతాయి. కొందరికి ఒకచోట కాలు నిలవదు, లోపల ఏదో పీకుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అది మందు తెచ్చిన బాధ. మాటలొచ్చిన మనిషి చెప్పుకుంటాడు, వీళ్లు చెప్పుకోలేరు. ‘ఇంకా ఎక్కువైంది సార్’ అని ఇంట్లోవాళ్లు చెబితే డోసు పెంచుతారు. వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ కలుపుతారు. దాంతో మలబద్ధకం వస్తుంది. మలబద్ధకంతో మళ్లీ అరుపులు, అరుపులకు మళ్లీ ఇంకో మాత్ర. మొదట్లో పుచ్చిన పన్ను ఇప్పటికీ నోట్లోనే ఉంటుంది.

ఇందులో తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. కుప్పం నుంచో సత్యవేడు నుంచో ఎదిగిన కొడుకును బస్సులో పట్టుకుని రావడమే ఒక యుద్ధం. చిత్తూరు వైపు వాళ్లయితే వేలూరు పోతారు, అక్కడ భాషతో తిప్పలు. రాత్రి నిద్ర లేక, పగలు కూలి పోగొట్టుకోలేక ఉన్న మనిషి మాత్ర అడుగుతుంది. అడగకపోతే ఆశ్చర్యపోవాలి. గంటకు పాతికమందిని చూడాల్సిన డాక్టరు పరిస్థితీ అంతంతమాత్రమే. ప్రభుత్వం మాత్రం పింఛనుతో బాధ్యత తీరిందనుకోవడం కుదరదు. నెలకు ఆరు వేలు పెద్ద ఆసరానే, కాదనం. కానీ సదరం శిబిరంలో వైకల్యం ఎంత శాతమో కొలిచే డాక్టరు బృందం ఆ మనిషి ఏ మందులు వేసుకుంటున్నాడో కూడా అక్కడే ఎందుకు అడగకూడదు? మనిషి ఎలాగూ ఎదురుగా ఉన్నాడు.

తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోనూ వారంలో ఒక పూట బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసమే కేటాయించాలి. సైకియాట్రిస్టు, జనరల్ ఫిజీషియన్, పళ్ల డాక్టరు, సైకాలజిస్టు ఒకే వరసలో కూర్చోవాలి. కొత్త భవనం అక్కర్లేదు, ఉన్న గదులు చాలు. మొదటిసారి వచ్చినవాళ్లకు థైరాయిడ్, షుగర్ పరీక్షలు, పళ్లు, చెవులు, కడుపు చూశాకే మనసు మందు సంగతి తేల్చాలి. మందు రాస్తే దేనికి రాశారో, ఏ తేదీకి మళ్లీ చూస్తారో చీటీ మీద తప్పక ఉండాలి. ప్రవర్తన సమస్యకు ఇచ్చిన యాంటీసైకోటిక్ మందుతో ఆరు వారాల్లో గుణం కనిపించకపోతే దాన్ని ఆపాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో చెప్పింది, మన దగ్గరా అది పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. దివ్యాంగుల కోసం ఉన్న నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి మొత్తం లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, అందులో కొంత పరిమితి మేరకు ఓపీ ఖర్చులు, థెరపీలు కూడా ఉంటాయి. ఆ సంగతి చెప్పి, ఫారం నింపించే మనిషిని కూడా అదే వరసలో కూర్చోబెట్టాలి.

ఇది చదివి ఇంట్లో ఉన్న మాత్రలు రేపటి నుంచి మానిపించే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి వద్దు. ఏళ్లుగా వేసుకుంటున్న మందు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, మూర్ఛ మందులైతే ప్రాణం మీదికే రావచ్చు. డోసు నెలల తరబడి కొద్దికొద్దిగా, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి. సందేహం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది వసతి పాఠశాలల్లో, ఆశ్రమాల్లో ఉంటున్నవాళ్లను. ఇంట్లో అయితే తల్లి కళ్లు ఉంటాయి. అక్కడ పది మంది పిల్లలకు ఒక ఆయా, ఆమెకు అందరూ నిశ్శబ్దంగా నిద్రపోవడమే కావాలి. పద్దెనిమిదేళ్లు నిండినవారి సంరక్షకులను నియమించేది 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద పని చేసే స్థానిక కమిటీ. దానికి అధ్యక్షులు కలెక్టర్లే. కాబట్టి రెండు జిల్లాల కలెక్టర్లు ఇంకెవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా, ఇలాంటి ప్రతి సంస్థ నుంచి ఎవరికి ఏ మందు, ఎప్పటి నుంచి, ఏ జబ్బుకు ఇస్తున్నారో జాబితా తెప్పించుకోవాలి. జబ్బు గడి ఖాళీగా ఉన్న ప్రతి పేరు దగ్గరికీ ఈ మూడు నెలల్లోపే ఒక సైకియాట్రిస్టును పంపాలి.