తప్పు యంత్రానిది కాదన్న రచయిత

ఆబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో స్తానిస్లావ్ లెమ్ ‘సైబీరియాడ్’ ఇంగ్లీషు అనువాదం నాకు దొరికింది. ఈ పోలండ్ రచయిత 1965లో వెలువరించిన ఆ కథల్లో ట్రుర్ల్, క్లపౌసియస్ అనే ఇద్దరు యంత్ర నిర్మాతలు, వాళ్లూ యంత్రాలే, ఎవరు ఏ యంత్రం కావాలంటే అది చేసిపెడుతూ లోకాలు తిరుగుతుంటారు.

వాటిలో మొదటి కథలో ట్రుర్ల్ ‘న’ అక్షరంతో మొదలయ్యే దేన్నయినా తయారుచేసే యంత్రాన్ని కడతాడు. దాన్ని ఎలాగైనా ఓడించాలని క్లపౌసియస్ ‘శూన్యం’ చేయమంటాడు; పోలిష్‌లో ఆ మాట ‘నిత్స్’. ఊరికే కూర్చుంటే శూన్యం ఏర్పడదు కాబట్టి యంత్రం లోకంలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లేకుండా చేయడం మొదలుపెడుతుంది. అతడు హడలిపోయి ఆపమని వేడుకునేసరికి ఆకాశంలో చుక్కలు చాలావరకు మాయమవుతాయి. ‘న’తో మొదలయ్యేవి తప్ప మిగతావి తిరిగి చేయడం తనవల్ల కాదంటుంది యంత్రం. ఈ కథను తెలుగు చేసేవారికి శూన్యానికి ‘నాస్తి’ సిద్ధంగా ఉంది, కానీ పోయినవాటిని ‘నక్షత్రాలు’ అన్నారంటే యంత్రం వాటిని మళ్లీ చేసి ఇవ్వగలదు, కథ అక్కడే కూలిపోతుంది.

ఇందులో యంత్రం చేసిన పొరపాటు ఒక్కటీ లేదు. లెమ్ వ్యంగ్యమంతా ఆలోచించకుండా ఆదేశించినవాడి మీదేనని నా అభిప్రాయం, దానికి మూలం ఆయన జీవితంలోనే ఉంది. 1921లో, నేడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్‌లో యూదు వైద్యుడి ఇంట పుట్టిన లెమ్, నాజీల ఆక్రమణ కాలంలో దొంగ గుర్తింపు పత్రాలతో మెకానిక్‌గా, వెల్డర్‌గా పనిచేస్తూ ప్రాణాలు దక్కించుకున్నాడు. బంధువుల్లో చాలామంది ఆ మారణకాండలో పోయారు. పై నుంచి వచ్చిన ఆదేశాన్ని తు.చ. తప్పకుండా అమలుచేసే వ్యవస్థ ఎంతకు తెగిస్తుందో ఆయన దగ్గరగా చూశాడు.

కమ్యూనిస్టు ప్రభుత్వ సెన్సారుకు భయపడి లెమ్ రోబోల వెనక దాక్కున్నాడని కొందరు విమర్శకులంటారు. 1948లో పూర్తిచేసిన నవల 1955 దాకా అచ్చు కాలేదు గనుక ఆ మాటలో కొంత నిజముంది. అయితే పోలండ్‌లో కమ్యూనిస్టు పాలన 1989లో ముగిసినా ఈ కథలకు పదును తగ్గలేదు, ఎందుకంటే అవి ఒక్క ప్రభుత్వం కోసం రాసినవి కావు.

కవిత్వం రాసే యంత్రం కథ నాకు మరీ ఇష్టం. ఒక కవి తలలో ఉండేది అతణ్ని తయారుచేసిన నాగరికత మొత్తం గనుక, ఆ తల కావాలంటే ముందు సృష్టి మొదలు నుంచి చరిత్రంతా యంత్రంలో నడిపించాలని ట్రుర్ల్ గ్రహిస్తాడు. యంత్రం చెప్పే తెలుగు పద్యంలో ఏం కొరవడిందో వెతికేవారికి ఇంతకన్నా మంచి ఆరంభం ఉండదు.

లెమ్ 2006లో క్రాకోవ్‌లో కన్నుమూశాడు. మన మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రానికి ఏం చెప్పాలో పదం పదం కూర్చడమే ఒక ఉద్యోగమైంది. ఆ ‘న’ కథను ఎవరైనా పోలిష్ నుంచి నేరుగా తెలుగు చేస్తే, కొత్తగా ఆ కొలువుల్లో చేరేవారికి తొలిరోజునే చదివి వినిపించాలని నా కోరిక.